పదికి పది రేటింగ్ స్కూల్ కోసం 90 వేల డాలర్లు ఎక్కువ పెట్టి ఇల్లు కొనాలా?

ఎడిసన్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా ఆయనకి ఆఫీసు డాలస్‌కి మారింది. జూన్ చివరికల్లా న్యూజెర్సీలో ఇల్లు ఖాళీ చేయాలి. పాప ఎనిమిదో గ్రేడ్ అయిపోతోంది, బాబు కిండర్‌గార్టెన్‌లో చేరాలి. రెండు ఇళ్లు నచ్చాయి, రెండూ డాలస్ దగ్గర ఫ్రిస్కో ఊరి అడ్రసే. ఒకదానికి బడులకి రేటింగ్ ఇచ్చే గ్రేట్‌స్కూల్స్ సైట్‌లో పదికి పది ఉన్న ఎలిమెంటరీ వస్తుంది, ఇంకోదానికి ఆరు ఉన్నది వస్తుంది. ధరలో తేడా 90 వేలు. పిల్లల చదువు దగ్గర లెక్కలు చూడొద్దు అంటారు మా ఆయన. ఒక్క అంకెని చూసి అంత డబ్బు పోయడానికి నాకు మనసొప్పట్లేదు. నిన్న రాత్రి ఇంట్లో ఇదే గొడవ. మీరైతే ఏం చేస్తారు?

కాలిన్ కౌంటీ పదేళ్లు:
ముందు ఆ రెండిళ్లూ ఏ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయో చూశారా అండీ? టెక్సస్‌లో ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థ, పేర్లలో ఐఎస్‌డీ అని ఉంటుంది) హద్దు వేరు. ఫ్రిస్కో ఊళ్లోనే కొన్ని ఇళ్లు ప్రాస్పర్ ఐఎస్‌డీకి, కొన్ని లూయిస్‌విల్‌కి, కొన్ని లిటిల్ ఎల్మ్‌కి పోతాయి. ప్లేనో, మెకిన్నీ ఊళ్లలో కొన్ని కాలనీలేమో ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉన్నాయి. రియల్టర్ చెప్పాడని నమ్మకండి. డిస్ట్రిక్ట్ సైట్‌లో ఇంటి నంబర్ కొట్టి ఎలిమెంటరీ, మిడిల్, హై మూడూ చూసుకోండి.

ఒంగోలు అబ్బాయి:
నేను మీ ఆయన పక్షం అండీ. మా నాన్న ఊళ్లో పొలం కౌలుకిచ్చి, మా చదువు కోసం ఒంగోలులో రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగాడు. ఆ రోజు ఆయన లెక్కలు వేసుకుంటే నేను ఇక్కడ ఉండేవాణ్ని కాదు. చుట్టూ చదివే పిల్లలుంటే మన పిల్లలూ చదువుతారు. పైగా ఆ 90 వేలు ఎక్కడికీ పోవు. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు కూడా ముందు ఆ రేటింగే అడుగుతాడు.

ఎలిమెంటరీ టీచరమ్మ:
తొమ్మిదేళ్లుగా టెక్సస్‌లో ప్రభుత్వ బడిలో పాఠం చెప్తున్నాను. ఈ ప్రశ్న వారానికొకసారి నాకు ఎవరో ఒకరు వేస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ రేటింగ్ అంకెలో పరీక్ష మార్కులున్నాయి, ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకెళ్లారన్నదీ ఉంది. రెండూ కలిపేశాక ఏది ఎంతో కనపడదు. కానీ ఈ రెండూ వేర్వేరు సంగతులు. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ అనే ప్రొఫెసర్ అమెరికా అంతటా మూడు నుంచి ఎనిమిదో గ్రేడ్ వరకు పరీక్ష ఫలితాలను పరిశీలించారు. సగటు మార్కులు ఆ ఊరి తల్లిదండ్రుల ఆదాయం, చదువులతో పాటే పెరుగుతాయి. పిల్లలు ఏటా ఎంత కొత్తగా నేర్చుకుంటున్నారన్నది మాత్రం ఆదాయాన్ని బట్టి అంతగా మారదు. షికాగోలో మార్కులు తక్కువ. అయినా 2009 నుంచి 2014 మధ్య అక్కడి పిల్లలు మూడు నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా, అంటే ఐదేళ్లలో, ఆరేళ్ల చదువు నేర్చారని ఆయన లెక్క తేల్చారు. కాబట్టి పది అనే అంకెలో బడి చేసిన పని కొంత, ఆ కాలనీలో ఎవరుంటున్నారన్నది కొంత. రెండోదానికి మీరు 90 వేలు కట్టక్కర్లేదు. మీ పిల్లల వెంట మీరెలాగూ ఉంటారు.

మరి ఏం చూడాలి? టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ సైట్‌లో ప్రతి బడికీ టీఏపీఆర్ అనే రిపోర్టు ఉంటుంది. టీచర్లలో కొత్తవాళ్లెంతమందో అందులో చూడండి, ఏటా ఎంతమంది మానేస్తున్నారో డిస్ట్రిక్ట్ రిపోర్టులో చూడండి. నేను మొదట ఆ పేజీకే వెళ్తాను. కిండర్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా క్లాసుకి 22 మందికి మించకూడదని రూలు, కానీ డిస్ట్రిక్టులు మినహాయింపు తెచ్చుకోవచ్చు. మీ బాబు క్లాసులో ఎంతమంది ఉంటారని ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, చెప్తారు.

ఇంకొక్క మాట. అడ్మిషన్ కాగితాల్లో ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని ఒక ప్రశ్న ఉంటుంది. తెలుగు అని రాస్తే బాబుకి ఇంగ్లిష్ టెస్ట్ పెడతారు. ఆ టెన్షన్‌తో మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు. పోయినేడు నా క్లాసులో అలాంటి బాబు ఒకడు సెప్టెంబర్ అంతా నోరు తెరవలేదు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా నా చున్నీ కొస పట్టుకుని లాగేవాడు. కాగితంలో ఇంగ్లిష్ అని ఉంది కాబట్టి వాడికి రావాల్సిన సాయం మొదలవడానికి చాలా ఆలస్యమైంది. దయచేసి నిజం రాయండి. ఈఎస్ఎల్ (ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్లకి ఇంగ్లిష్ నేర్పే క్లాసు) పిల్లల్ని వేరే గదికి తీసుకెళ్తారా, క్లాసులోనే ఉంచి సాయం చేస్తారా అని రెండు బడుల్లోనూ అడగండి. జవాబు చెప్పే తీరులోనే బడి తెలిసిపోతుంది.

గృహప్రవేశం2019:
టీచరమ్మ గారు చెప్పినదానికి నా అనుభవం కూడా తోడు. ఏ డిస్ట్రిక్టో చెప్పను. నడిచి వెళ్లేంత దగ్గర్లో మంచి రేటింగ్ బడి అని ఎక్కువ పెట్టి కొన్నాం. రెండేళ్లకి కొత్త బడి కట్టి జోన్లు, అంటే ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది, మార్చారు. మా వీధి ఇటు, ఎదురు వీధి అటు. మా అమ్మాయి స్నేహితురాళ్లందరూ పాత బడిలోనే ఉండిపోయారు. ఆ వేసవంతా అది ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

బడులు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయని కూడా అనుకోవద్దు. పిల్లలు తగ్గి 2025లో ప్లేనో డిస్ట్రిక్ట్ నాలుగు బడులు మూసేసింది, అదే ఏడాది ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్ మూతపడింది. కొనే ముందు డిస్ట్రిక్ట్ బోర్డు మీటింగ్ వీడియోలు రెండు చూడండి. జోన్ల మాట ముందు అక్కడే వస్తుంది.

ఒంగోలు అబ్బాయి:
జోన్ల సంగతి ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ తోటి పిల్లల ప్రభావం లేదంటే మాత్రం ఒప్పుకోను. మా వాడు లెక్కల పోటీకి వెళ్లింది పక్కింటి కుర్రాడు వెళ్తున్నాడనే. నేను ఎన్నిసార్లు చెప్పినా కదల్లేదు.

కాలిన్ కౌంటీ పదేళ్లు:
అందరూ బాబు గురించే మాట్లాడుతున్నారు. పాప సంగతేంటి? ఎలిమెంటరీ రేటింగ్ ఆమెకి అక్కర్లేదు, ఆగస్టులో నేరుగా హైస్కూల్‌కే వెళ్తుంది. 1997 నాటి చట్టం ప్రకారం క్లాస్ ర్యాంకులో పై 10 శాతం పిల్లలకి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం 2026 ఫాల్ నుంచి అది 5 శాతమే. ఫ్రిస్కోలో హైస్కూళ్లు దాదాపు 2,100 మందికి సరిపడా కడతారు. గ్రేడ్‌కి 525 అనుకుంటే 5 శాతమంటే 26 మంది. మా పెద్దమ్మాయి అన్నిట్లో ఏ గ్రేడులు తెచ్చుకుని కూడా ఆ 26లో లేదు. మంచి కాలేజీకే వెళ్లింది. కానీ నాలుగేళ్లూ ర్యాంకు షీట్ వచ్చిన రోజు అది అన్నం తినేది కాదు. ఒంగోలు తమ్ముడూ, నువ్వన్న చదివే పిల్లలే ఇక్కడ పోటీ కూడా.

ఒంగోలు అబ్బాయి:
అన్నా, మా వాడు ఇంకా నాలుగో గ్రేడే. ఈ లెక్క నేనెప్పుడూ వేయలేదు.

ఎడిసన్ అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. నిన్న కూర్చుని మేమిద్దరం అన్నీ వెతికాం. పది రేటింగ్ ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీ కాదు, ప్రాస్పర్! రియల్టర్ ఆ మాటే చెప్పలేదు. ఆరు రేటింగ్ బడికి ఫోన్ చేస్తే ఆఫీసులో ఆవిడ పావుగంట మాట్లాడింది, కిండర్‌లో ఈఎస్ఎల్ పిల్లలకి ఎలా చెప్తారో టీచర్‌తోనే మాట్లాడిస్తానంది. మా ఆయన ఇంకా మెత్తబడలేదు కానీ, ఏడాది అద్దెకు ఉండి చూద్దామన్న మాటకి ఈసారి కాదనలేదు.

కాలిన్ కౌంటీ అన్నయ్య గారి మాట చదివాక పాపని పిలిచి అడిగాను, నీకు ఎలాంటి స్కూల్ కావాలని. ఇన్నాళ్లూ అడగనే లేదు. అది వయోలా (వయొలిన్ లాంటి వాయిద్యం) వాయిస్తుంది. ఆర్కెస్ట్రా ఆడిషన్లు అయిపోయాయేమో ముందు కనుక్కోమంది. ఫ్రిస్కో వైపు హైస్కూళ్లలో ఆ ఆడిషన్లు ఎప్పుడు పెడతారో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. శుక్రవారం నలుగురం అక్కడికి వస్తున్నాం.