కెన్యాలో మలేరియా మాత్ర పడట్లేదు, వేళ మార్చుకోవచ్చా?

అందరికీ వందనాలు. మా సంఘం నుంచి ఎనిమిది మందిమి సేవకని కిసుము వచ్చి ఈరోజుకి ఐదో రోజు, బడి గోడలకు రంగులేస్తున్నాం. విక్టోరియా సరస్సు గాలి హాయిగా ఉంది, ఉగాలి అయితే అచ్చం మన సంగటే, కాకపోతే తెల్లగా, మొక్కజొన్న పిండితో. సమస్యల్లా మలేరియా రాకుండా డాక్టర్ రాసిన డాక్సీసైక్లిన్ 100 ఎంజీతోనే. పొద్దున ఏడింటికి వేసుకున్న అరగంటకే గుండెల్లో మంట, వికారం, పదింటిదాకా బ్రష్ పట్టుకోలేకపోతున్నా. పరగడుపున మానేసి బ్రెడ్ తిన్నాక వేసుకున్నా, పెద్ద గ్లాసు నీళ్లు తాగా, పాలు మందుని సరిగా పట్టనివ్వవంటే ఇక్కడి చిక్కటి పాల టీ కూడా (బాధగానే) పక్కన పెట్టా. అయినా అంతే. మానేద్దామంటే దోమల భయం. ఇది వాడినవాళ్లు చెప్పండి, రాత్రి భోజనం అయ్యాక వేసుకుని, గంటసేపు కూర్చుని పడుకుంటే మీకు మంట తగ్గిందా?