రీ: దేవరగట్టు వీడియో, కిచెన్‌లో గొడవ

ప్రశ్న (ఆలూరు దగ్గర పల్లె, కర్నూలు జిల్లా):
అందరికీ నమస్కారం. జర్మనీకి వచ్చి రెండు నెలలైంది. హాస్టల్ కిచెన్‌లో మా దేవరగట్టు బన్ని ఉత్సవం (కర్రలతో కొట్టుకునే జాతర) వీడియో చూసి, ఒకడు "ఇంత అనాగరికమా" అన్నాడు. "మా ఆచారం మాది, నువ్వెవరు చెప్పడానికి?" అన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు. నాది తప్పా?

జవాబు (రాయదుర్గం, అనంతపురం జిల్లా):
తమ్ముడూ, టెన్షన్ పడకు. సగం కరెక్టే అన్నావు.

దసరా రాత్రి మాళ మల్లేశ్వరుడి విగ్రహాల కోసం నెరణికి, కొత్తపేట వాళ్ళు ఒకవైపు, మిగతా ఊళ్ళు ఇంకోవైపు ఎందుకు నిలబడతాయో అర నిమిషం వీడియోలో తెలీదు. అతనికి కనిపించింది కర్రలే. తెలుసుకోకుండా తీర్పు చెప్పొద్దు అనడం న్యాయమే. పాతకాలం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన కథ ఒకటుంది. పర్షియా రాజు డేరియస్ గ్రీకులను పిలిచి, ఎంతిస్తే చనిపోయిన మీ నాన్నను తింటారని అడిగాడట. ఎంతిచ్చినా తినమన్నారు. తండ్రి శవాన్ని తినే ఆచారమున్న కల్లాటియైలను, ఎంతిస్తే గ్రీకుల్లా దహనం చేస్తారని అడిగితే వాళ్ళు కెవ్వుమన్నారు. ఆ కల్లాటియైలు మన దేశం వాళ్ళేనట! ఇద్దరికీ నాన్నంటే గౌరవమే, పద్ధతే వేరు.

ఇక మిగతా సగం. "మా ఆచారం" అన్నావే, ఆ "మా"లో ఎవరెవరున్నారు? వద్దని ఏటా చెప్పే పోలీసులూ, పగిలిన తలకు కుట్లు వేసే డాక్టర్లూ మనవాళ్ళేగా? మా వైపు ఆడపిల్లను బసివినిగా దేవుడికి విడిచేవాళ్ళు. అదీ ఆచారమే. ఇలా దేవదాసీలుగా అంకితం చేయడాన్ని 1988లో మన రాష్ట్రమే చట్టం చేసి నిషేధించింది. ఎవరి ఆచారం వాళ్ళది అనేదే ఆఖరి మాటైతే ఆ చట్టం తప్పనాలి. నేననలేను. అన్నట్టు, "ఈ జర్మనీవాళ్ళు అమ్మానాన్నలను ఓల్డేజ్ హోంలో పడేస్తారు" అని మొన్న ఇక్కడే రాశావు. అప్పుడు వాళ్ళ ఆచారం వాళ్ళది కాలేదా?

జవాబు (కడప):
అన్నా, రెంటినీ ఒకే గాటన కట్టేశారు. బసివినిగా విడిచిన పసిపిల్లను ఎవరూ అడగలేదు. కర్ర పట్టినవాడు తనంతట తానే వస్తాడు. బలవంతం ఉందా లేదా అని చూడాలి గానీ, ఎవరిదా ఆచారం అని కాదు. తమ్ముడూ, ఇవన్నీ తర్వాత. ఆసియా షాపులో బొరుగులు దొరికితే ఉగ్గాని చెయ్యి, ముందు అతనితో మాట్లాడు.

ప్రశ్న వేసిన తమ్ముడు:
ఉగ్గాని రెండు ప్లేట్లు తిన్నాడక్కా. తిని, "నువ్వు ఏ వైపు కొట్టేవాడివి?" అని అడిగాడు. నేనెప్పుడూ పోలేదు, దసరా రాత్రి మా నాన్న గడప దాటనిచ్చేవాడు కాదని చెప్పాల్సి వచ్చింది.