హన్మకొండలో 12 బై 12 గది: సబ్‌వూఫర్ ఎక్కడ పెడితే బేస్ సమంగా వస్తుంది?

నయీంనగర్_శ్రోత:
అందరికీ నమస్తే. మేడ మీద గది 12 బై 12, ఎత్తు 10 అడుగులు. ఇటుక గోడలు, పైన స్లాబ్, కింద గ్రానైట్. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, స్టీరియో యాంప్, ఈమధ్యే కొన్న 10 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, కింది బేస్ స్వరాలకే వాడే స్పీకర్) ఉన్నాయి. సబ్‌ను మూలన పెట్టాను, సోఫా వెనక గోడకు ఆనుకొని ఉంది. బేస్ గిటార్ కిందికి దిగుతుంటే ఒక్క స్వరం దగ్గర గదంతా గుమ్మంటుంది, పక్క స్వరాలు చెవికి అందవు. కుర్చీ వేసుకుని గది నడిమధ్య కూర్చుంటే గుమ్మనడం పోతుంది కానీ బేస్ కూడా మాయం. షాపులో అడిగితే 12 అంగుళాలది తీసుకోమంటున్నారు. నిజంగా పెద్దది కావాలా?

కాజీపేట_లోస్వరం:
తమ్మీ, ఇప్పుడే ఏదీ కొనకు. నువ్వు చెప్పిన రెండు లక్షణాలూ గదివి, సబ్‌వి కావు. శబ్దం సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో, అంటే 24తో భాగిస్తే 47 హెర్ట్జ్, సెకనుకు 47 కంపనాలన్నమాట. ఆ స్వరం ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోతుంది. గోడ దగ్గర దాని జోరు ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. పైగా నీది చదరపు గది, పొడవుకూ 47, వెడల్పుకూ 47. ఎత్తుకు 56. మూలన ఉన్న సబ్ ఈ మూడింటినీ ఒకేసారి లేపుతుంది. బేస్ గిటార్ కింది తీగ 41 దగ్గర మొదలవుతుంది, దాని మీద రెండో ఫ్రెట్ (మెట్టు) స్వరం 46. నీకు గుమ్మంటున్నది బహుశా అదే.

ఇంకో మాట. విదేశీ వీడియోల్లో కనిపించే ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టినవి. ఆ బోర్డు ఊగి కొంత బేస్ మింగేస్తుంది, కొంత బయటికి వదిలేస్తుంది. మన తొమ్మిదంగుళాల గోడల మధ్య, స్లాబ్ కింద అది ఎటూ పోదు. అందుకే వాళ్ల సెట్టింగులు మనకు యథాతథంగా పనికిరావు. 12 అంగుళాల సబ్ తెస్తే ఆ ఒక్క స్వరమే ఇంకా పెద్దగా మోగుతుంది. ముందు సోఫాను గోడ నుంచి ముందుకు లాగు.

కరీంనగర్_స్టీరియో:
అన్న చెప్పింది కరెక్ట్. సోఫా చోటు కుదిరాక సబ్ చోటు వెతుకు. సోఫా పక్కకు జరిపి, నువ్వు కూర్చునే చోట స్టూల్ మీద సబ్ పెట్టు. బేస్ గిటార్ మెట్లు మెట్లుగా ఎక్కి దిగే పాట ఒకటి రిపీట్‌లో వేసి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ విను. తల నేలకు అడుగు ఎత్తులోనే ఉండాలి, ఎందుకంటే రేపు సబ్ ఉండేది అక్కడే. ఎక్కడ పెద్దగా ఉందని చూడకు, ఎక్కడ ప్రతి స్వరం విడివిడిగా, ఒకే బలంతో వినిపిస్తుందో చూడు. అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టి సబ్‌ను తెచ్చి దింపు. ధ్వని ఇటు నుంచి అటు పోయినా అటు నుంచి ఇటు వచ్చినా గది చేసే మార్పు ఒకటే, కాబట్టి చోట్లు మార్చినా అదే వినిపిస్తుంది. మా ఇంట్లో టీవీ స్టాండ్‌కూ కిటికీకీ మధ్య బాగా కుదిరింది. జానెడు జరిపితే తేడా తెలిసింది. గ్రానైట్ నేలకు స్పైకులు వద్దు, రబ్బరు కాళ్లు చాలు.

కొత్తవాడ_రికార్డులు:
మాది జంపఖానాలు నేసే వీధి, కాబట్టి ఇది నేనే చెప్పాలి. నేల మీద వరంగల్ జంపఖానా పరిస్తే గాయకుల గొంతు, తాళాల మోత నెమ్మదిస్తాయి. గ్రానైట్ గదికి అది తప్పకుండా కావాలి. కానీ బేస్‌కు పనిచేయదు. 47 హెర్ట్జ్ అల పొడవు 24 అడుగులు, అంత అలకు బట్ట అడ్డమే కాదు. మూలల్లో నేల నుంచి స్లాబ్ దాకా మందంగా రాక్‌వూల్ (రాతి నార దిమ్మెలు) పేరిస్తే కొంత ఫలితం ఉంటుంది, అదీ 47 కంటే 100 దగ్గరే ఎక్కువ. ముందు జరపడాలు అయిపోనివ్వండి తమ్ముడూ.

నయీంనగర్_శ్రోత:
థాంక్స్ అన్నా, అక్కా. సోఫాను గోడ నుంచి మూడడుగులు లాగాను. సబ్‌ను మూలనుంచి తీసి ముందు గోడ మధ్యకు తెచ్చాను. గుమ్మనడం చాలా తగ్గింది. బేస్ గిటార్ స్వరాలు లెక్కపెట్టొచ్చు! కానీ మగ గొంతులు పల్చగా అయ్యాయి. ఎందుకు?

కాజీపేట_లోస్వరం:
మూడడుగులంటే 12లో సరిగ్గా పావు వంతు. అక్కడ 47కు రెట్టింపైన 94 హెర్ట్జ్ పడిపోతుంది. మగ గొంతుకు ఒళ్లు ఇచ్చేది ఆ చుట్టుపక్కలే. ఇంకో అడుగున్నర లాగు, నాలుగున్నర అడుగులకు తీసుకురా. గది పొడవులో 38 శాతం అన్నమాట. అక్కడ 47, 94 రెండూ పూర్తిగా పోవు, పూర్తిగా లేవవు.

జగిత్యాల_సౌండ్:
చోటు కుదిరాకే నాబులు. క్రాస్‌ఓవర్ (సబ్ ఎంత పై స్వరం దాకా పాడాలో చెప్పే నాబు) 80 పెట్టమని అందరూ అంటారు, అది హోం థియేటర్ రిసీవర్ లెక్క. అక్కడ రిసీవరే స్పీకర్లకు కింది స్వరాలు కోసేస్తుంది. మామూలు స్టీరియో యాంప్‌లో స్పీకర్లకు మొత్తం సిగ్నల్ వెళ్తుంది. నీ స్పీకర్లు 55 దాకా దిగితే, సబ్ కూడా 80 దాకా పాడితే ఆ మధ్య భాగం రెండింతలవుతుంది. సబ్‌ను 55, 60 దగ్గర మొదలుపెట్టు.

తర్వాత ఫేజ్, అంటే సబ్ కదలిక స్పీకర్లతో కలిసి సాగుతోందా, ఎదురు తిరుగుతోందా అన్నది. 60 హెర్ట్జ్ టోన్ వేసి, స్పీకర్లు, సబ్ రెండూ ఆన్‌లో ఉంచి, ఇంట్లో ఎవరినైనా స్విచ్ 0కీ 180కీ మార్చమను. సోఫాలో నీకు ఏది పెద్దగా వినిపిస్తే అదే సరైనది. సబ్ చోటు మారిస్తే ఇది మళ్లీ చేయాలి. గెయిన్ (సబ్ శబ్దం స్థాయి) చివర్లో. పెంచుతూ పోయి, సబ్ అక్కడుందని చెవికి తెలియగానే వెనక్కి తిప్పు.

గదిలో ధ్వని కొలిచే మైక్ కొనగలిగితే యూమిక్-1 తీసుకో, దాంతో కొలిచే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈక్యూతో (ఒక్కో స్వరం బలాన్ని విడిగా మార్చే సెట్టింగు) ఎత్తులు, అంటే గుమ్మనే స్వరాలు, కోయొచ్చు. గుంతలు, అంటే మాయమైన స్వరాలు, పూడవు, ఎంత పవర్ పోసినా గది దాన్ని అక్కడికక్కడే రద్దు చేస్తుంది.

కొత్తవాడ_రికార్డులు:
టోన్ వేసినప్పుడే 30 నుంచి 80 దాకా మెల్లగా పోనివ్వండి. బీరువా తలుపు, కిటికీ అద్దం, సజ్జ మీద స్టీలు గిన్నెలు, ఏది ఎక్కడ గిలగిలమంటుందో తెలుస్తుంది. సబ్‌ను తిట్టే మోతలో సగం ఇవే. పాటలు ఆగినా గుయ్‌మనే 50 హెర్ట్జ్ హమ్ ఉంటే యాంప్‌నూ సబ్‌నూ ఒకే బోర్డుకు కలపండి. ఎర్త్ పిన్ మాత్రం తీసేయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

నయీంనగర్_శ్రోత:
నాలుగున్నర అడుగుల దగ్గర గొంతులు తిరిగొచ్చాయి. ఫేజ్ 180లో కుదిరింది. అయినా 47 ఇంకా కొంచెం పొడుచుకొస్తోంది. రెండో సబ్ తెస్తే?

కాజీపేట_లోస్వరం:
తెస్తే అదే మంచి ఖర్చు. ఆడియో కంపెనీ హర్మన్‌లో పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో ఎన్ని సబ్‌లు ఎక్కడ ఉండాలో లెక్క వేసి చూపించాడు. ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెడితే చాలా గదులకు సరిపోతుందని తేలింది. ఒకటి ముందు గోడ మధ్యలో, ఇంకొకటి వెనక గోడ మధ్యలో ఉంటే పొడవు 47ను ఒకదాన్నొకటి చంపేస్తాయి. వెడల్పు 47 ఎలాగూ గోడ మధ్య నుంచి లేవదు.

నయీంనగర్_శ్రోత:
వెనక గోడ మధ్యలో తలుపుంది అన్నా.

కాజీపేట_లోస్వరం:
అయితే కుడి, ఎడమ గోడల మధ్యల్లో పెట్టు. చదరపు గదిలో ఫలితం అదే. రెండింటి గెయిన్ ఒకటే ఉండాలి, సోఫాకు దూరం కూడా. నా దగ్గర 10 అంగుళాలది ఖాళీగా ఉంది. ఆదివారం వచ్చి ఆటోలో వేసుకొని పో, వారం విని చూశాక కొనాలా వద్దా అనుకో.