లిక్విడేషన్‌లో ఉన్న కంపెనీ: కోటి లోపు క్లెయిమ్‌కు అప్పీలు లేదా?

అట్టపెట్టెలు (ప్రశ్న):
నమస్కారమండీ. మాది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. మేము ఆరేళ్లు సరుకు ఇచ్చిన ఒక మందుల కంపెనీ లిక్విడేషన్‌లోకి (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి మూసేసే దశకు) వెళ్లింది. మాకు రావలసింది 11,40,000 రూపాయలు. ఆ పని చూసే అధికారి, అంటే లిక్విడేటర్, 6,85,000 ఒప్పుకున్నారు. మిగిలిన అయిదు బిల్లుల చలాన్ల మీద గేటు ముద్ర లేదని కొట్టేశారు. ఆ లేఖ అంది ఎనిమిది రోజులైంది. అప్పీలుకు వెళదామంటే మా అకౌంటెంట్ "కోటి దాటితేనే తీసుకుంటారు" అన్నారు. ఇంకొకరు అరవై లక్షలు అన్నారు. ఏది నిజం? పోయిన నాలుగున్నర లక్షలు మా తొమ్మిది మంది పనివాళ్లకు మూడు నెలల జీతం. ఊరుకోలేను.

నల్లకోటు:
ముందు క్యాలెండర్ చూడండి. మీకు ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

దివాలా చట్టం 42వ సెక్షన్ కింద, లిక్విడేటర్ నిర్ణయం అందిన 14 రోజుల్లో ఎన్‌సీఎల్‌టీకి (జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు) అప్పీలు చేసుకోవాలి. అందులో రూపాయల పరిమితి లేదు. మీ అకౌంటెంట్ చెప్పిన కోటి 4వ సెక్షన్‌లోది. కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలుపెట్టడానికి ఉండవలసిన బకాయి అది. 2020 మార్చిలో లక్ష నుంచి కోటికి పెంచారు. ఇప్పటికే లిక్విడేషన్‌లో ఉన్న కంపెనీ దగ్గర మీ క్లెయిమ్‌కు దానితో పని లేదు.

అక్కడా ఓడితే, దాని పైనుండే అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ. మన రాష్ట్రాల అప్పీళ్లు చెన్నై బెంచికి వెళతాయి. గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 15. తీర్పు చెప్పిన వెంటనే ధ్రువీకృత నకలుకు దరఖాస్తు పెట్టండి. నకలు చేతికి వచ్చాక గడువు మొదలవుతుందనుకుని ఆగినవారికి 2021లో సుప్రీంకోర్టులో ఊరట దొరకలేదు.

లెక్కలపద్దు:
అరవై లక్షల సంగతి నేను చెబుతాను. అది ఆదాయపు పన్ను శాఖ తనకు తాను పెట్టుకున్న హద్దు. 2024 సెప్టెంబరు సర్క్యులర్ ప్రకారం, వివాదంలోని పన్ను ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్‌కైతే 60 లక్షలు, హైకోర్టుకు 2 కోట్లు, సుప్రీంకోర్టుకు 5 కోట్లు దాటితేనే శాఖ అప్పీలు చేస్తుంది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఈ హద్దు శాఖకే గాని కంపెనీకి గానీ మీకు గానీ వర్తించదు.

అయినా దాని మీద ఒక కన్ను వేయండి. దివాలా చట్టం 53వ సెక్షన్‌లో ఎవరికి ముందు చెల్లించాలో చెప్పే వరుసలో ప్రభుత్వ బకాయిలు మీకంటే ముందున్నాయి. ఆ కంపెనీకి పన్ను వివాదం ఉండి, తక్కువ మొత్తమని శాఖ అప్పీలు వదిలేస్తే, మీ ముందున్న ఒక బరువు తగ్గుతుంది. బ్యాంకులు, కార్మికులు ఇంకా ముందున్నారు. అందుకే వకీలు ఫీజు మాట్లాడుకునే ముందు, ఆస్తులెంత, ఒప్పుకున్న క్లెయిములెంత అని లిక్విడేటర్‌ను అడగండి. క్లెయిమ్ గెలిచినా చేతికి పైసా రాని కేసులు చూశాను. మీకు అలా జరగకూడదు.

నల్లకోటు:
నిజమే. ఇక ముద్ర విషయం: సరుకు చేరిందని వేరే విధంగానూ చూపవచ్చు. ఆ బిల్లుల ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు తీసే జీఎస్టీ పత్రాలు), జీఎస్టీఆర్-1 (మీ అమ్మకాల జీఎస్టీ రిటర్న్), అందినట్లు వాళ్లు పంపిన ఈమెయిళ్లు జతచేయండి.

అట్టపెట్టెలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నాలుగింటికి ఈ-వే బిల్లులు దొరికాయి. అయిదోది 48,000 రూపాయలది, యాభై వేల లోపు కాబట్టి తీయలేదు. దానికి లారీ రసీదు ఉంది, వెనుక వాళ్ల స్టోర్ కీపర్ సంతకం ఉంది. రేపు ఉదయమే వకీలు దగ్గరకు వెళుతున్నాను.