ఎనిమిదేళ్ల ఆడీ టీటీకి 34 లక్షలు అడుగుతున్నారు: ఆ ధర న్యాయమేనా?

మియాపూర్ వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాలేజీ రోజుల నుంచి మనసులో ఉన్న కోరిక తీర్చుకుందామని ఒక ఆడీ టీటీ కూపేని (రెండు తలుపుల స్పోర్ట్స్ కారు) చూశాను. 2017 మోడల్, 2.0 లీటర్ల పెట్రోలు ఇంజను, టీఎస్ 09 రిజిస్ట్రేషన్. మీటరు 41,000 కిలోమీటర్లు చూపిస్తోంది. అమ్ముతున్నది రెండో యజమాని. జూబ్లీహిల్స్‌లో ఉంటారు, 2021 ఆగస్టులో కొన్నానని చెప్పారు. అడుగుతున్న ధర 34 లక్షలు. రంగు, సీట్లు, లోపలి శుభ్రత చూస్తే బండిని ప్రేమగా చూసుకున్నారనే అనిపిస్తోంది.

ఈ తరం టీటీ 2015లో మన దేశానికి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర 60 లక్షల పైచిలుకు. ఆ లెక్కన సగానికి కాస్త ఎక్కువ అడుగుతున్నట్టు. అయితే బెంగళూరులో అదే సంవత్సరపు బండి 29.5 లక్షలకు అమ్మకానికి ఉన్నట్టు ప్రకటన చూశాను. ఇదే మాట ఈయనతో అంటే, 2023లో కంపెనీ టీటీ తయారీనే ఆపేసిందని, కాబట్టి ఇకపై దీని ధర పెరుగుతుందే తప్ప తగ్గదని సమాధానమిచ్చారు. నేను జీతం మీద బతికేవాణ్ణి, ఈ డబ్బు ఆరేళ్లపాటు కూడబెట్టినది. ధర ఎక్కువా, సమంజసమా అనేది దేనిని బట్టి తేల్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లెక్కల పుస్తకం

ముందు బెంగళూరు బండి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిమ్మల్ని తికమక పెడుతున్నది అదే. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. వయసును బట్టి కొంత తగ్గించినా, ఇంత ఖరీదైన బండికి అది లక్షల్లోనే తేలుతుంది. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని వెనక్కి అడిగే హక్కు ఉంది కానీ, అది అర్జీ పెట్టుకున్న యజమాని చేతికి ఎప్పుడు వస్తుందో నమ్మకంగా చెప్పలేం. కాబట్టి 29.5 లక్షల బండి మీ ఇంటి ముందుకు వచ్చేసరికి 29.5 లక్షల బండిగా ఉండదు. పైగా ప్రకటనలో కనిపించేది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. ఇలాంటి రెండు తలుపుల కార్లు నెలల తరబడి అదే ధరతో పడి ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. ఎవరూ ఇవ్వని ధరను మార్కెట్ ధర అనుకోవద్దు.

తయారీ ఆగిపోయింది కాబట్టి ధర పెరుగుతుందన్న వాదనను నేను ఒప్పుకోను. టీటీలో ఉన్న 230 హార్స్‌పవర్ ఇంజను, ఆరు గేర్ల డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సు ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో చాలా కార్లకు ఉన్నవే. 2017లో మన దగ్గర అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 కూడా ఆ కుటుంబమే. ఇది మీకు మేలే, ఎందుకంటే ఇంజను సామాను దొరుకుతుంది, ఆ ఇంజను తెలిసిన మెకానిక్కులు నగరంలో ఉన్నారు. తయారీ ఆగిపోవడం నిజంగా తగిలేది హెడ్‌లైట్లు, బంపర్లు, డోర్ల లాంటి టీటీకే ప్రత్యేకమైన బాడీ భాగాల దగ్గర. కాబట్టి ఆయన చెప్పే కారణానికి ధర పెరగకపోగా, దెబ్బ తగిలిన బండి అయితే అదే కారణానికి ఇంకా తగ్గాలి.

ఇన్సూరెన్స్ పాలసీ కాగితం తప్పకుండా అడగండి. అందులో రెండు విషయాలు చూడాలి. ఒకటి ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ లెక్కగట్టే విలువ. ఐదేళ్లు దాటిన బండికి అది యజమాని, కంపెనీ మాట్లాడుకుని రాసుకునే అంకె. ప్రీమియం తగ్గుతుందని కొందరు తక్కువ రాయించుకుంటారు కనుక దాన్నే ధరగా పట్టుకోకూడదు. అయినా బండి పోతే ఇంత చాలని ఆయన సంతకం పెట్టిన అంకె అది, బేరంలో పనికొస్తుంది. రెండోది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. నా దృష్టిలో ఇదే ముఖ్యం. క్లెయిమ్ లేకుండా సాగితే అది ఏటా 20, 25, 35, 45, 50 శాతం చొప్పున పెరుగుతుంది. 2021లో కొన్న మనిషికి ఈ ఏడాది పాలసీలో 45 శాతమైనా ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే మధ్యలో క్లెయిమ్ జరిగిందన్నమాట. ఎందుకు, ఎంతకు అని మొహమాటపడకుండా అడగండి.

సనత్‌నగర్ షెడ్డు

పదిహేనేళ్లుగా ఈ గ్రూపు బండ్ల మీదే పనిచేస్తున్నాను కాబట్టి మెకానిక్‌గా చూడాల్సినవి చెబుతాను.

బండిని పొద్దున్నే చూడండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారని అర్థం, ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజను స్టార్ట్ అయ్యే మొదటి పది సెకన్లలో తెలిసేది ఆ తర్వాత గంటసేపు తిప్పినా తెలియదు. ఈ ఇంజనులో వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి, వయసు మీద పడితే అక్కడ కూలెంట్ కారడం మామూలు. టార్చి వేసి ఇంజనుకు గేర్‌బాక్సు వైపున్న మూల చూస్తే ఎండిపోయిన గులాబీ రంగు చారలు కనిపిస్తాయి, కాస్త తీపి వాసన కూడా వస్తుంది. అది కనిపిస్తే బండి వద్దని కాదు, ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలని.

గేర్‌బాక్సులో ఉన్నవి నూనెలో తడిసే క్లచ్‌లు. దాని ఆయిల్, ఫిల్టరు 60,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. ఈ బండికి ఇంకా ఆ దూరం రాలేదు కానీ, ఎనిమిదేళ్లు అదే ఆయిల్‌తో తిరిగిందంటే నేనైతే మార్చేస్తాను. అంతకన్నా ఎక్కువగా అందరూ మరిచిపోయేది వెనక చక్రాలకు శక్తినిచ్చే హాల్డెక్స్ కప్లింగ్. దాని ఆయిల్ మూడేళ్లకోసారి మారాలి. మార్చకపోతే లోపలి చిన్న పంపు జాలీ మురికితో మూసుకుపోయి, చివరికి పంపే పోతుంది. సర్వీసు రికార్డులో హాల్డెక్స్ అన్న మాట ఒక్కసారి కూడా కనిపించకపోతే, ఆ రికార్డు ఎంత మందంగా ఉన్నా యజమాని బండిని షోరూముకు అప్పజెప్పి వచ్చేవాడే తప్ప దగ్గరుండి చూసుకున్నవాడు కాదని నా అభిప్రాయం.

బండి కంప్యూటరులో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించండి. మీటరు తిప్పినవాడు డ్యాష్‌బోర్డు అంకె మారుస్తాడు కానీ, పాత ఫాల్ట్ కోడ్ నమోదైనప్పుడు కంప్యూటరు ఆనాటి కిలోమీటర్లు కూడా రాసుకుంటుంది. మీటరు 41,000 అని, ఎప్పటిదో ఫాల్ట్ 58,000 దగ్గర పడిందని కనిపిస్తే ఇక మాట్లాడాల్సింది ఏమీ ఉండదు.

ఇంకొక మాట. చాలామంది అయస్కాంతం తెచ్చి డోరుకు, బానెట్‌కు పెట్టి పుట్టీ ఉందేమో చూస్తారు. టీటీకి పై తొడుగు అల్యూమినియం, అయస్కాంతం ఎక్కడా అంటుకోదు, చూసి భయపడకండి. అల్యూమినియం మీద కూడా పెయింట్ మందం కొలిచే గేజ్ కావాలి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. 250 దాటితే మళ్లీ రంగు వేశారు. 500 దాటితే కింద పుట్టీ ఉంది. అల్యూమినియం ప్యానెల్ సరిచేయడం ఇనుప రేకు సరిచేసినంత తేలిక కాదు, అందరికీ చేతకాదు.

టోలిచౌకి నుంచి

మీ ప్రశ్నలో ఒక తారీఖు చూసి ఇది రాయకుండా ఉండలేకపోయాను. మొదటి యజమాని ఈ బండిని 2021 ఆగస్టులో అమ్మారు. 2020 అక్టోబరు 13 రాత్రి మన నగరంలో కురిసిన వాన గుర్తుందిగా. మా వీధిలో నీరు మొదటి అంతస్తు మెట్లను తాకింది, సెల్లార్లలో ఉన్న కార్లు కప్పు దాకా మునిగాయి. ఆ తర్వాత ఏడాదిలో ఆ కార్లలో ఎన్నో తళతళ మెరుస్తూ మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

అలాంటిదే ఒకటి నేను కొన్నాను. ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర, మార్కెట్ కంటే మూడు లక్షలు తక్కువకు వస్తోందన్న సంతోషంతో, కార్పెట్ ఎత్తి చూడకుండా కొన్నాను. వానాకాలం మొదలవగానే ఏసీ ఆపిన తర్వాత లోపల తడిసిన గోనెసంచి వాసన రావడం మొదలైంది. ఒక రోజు పవర్ విండో పనిచేయదు, మరో రోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. చివరికి ఎలక్ట్రీషియన్ సీటు విప్పి, కార్పెట్ కింద వైరింగ్ కనెక్టర్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది, దాని చుట్టూ పిండిలాంటి బూడిదరంగు బురద. మిగిలిందనుకున్న మూడు లక్షలకు రెట్టింపు పోయింది, ఆ బండి మీద నమ్మకం మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి, ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉండే చివరి మూరెడు చూడండి. వరద నీటి చార అక్కడే మిగులుతుంది, ఎవరూ దాన్ని కడగరు. సీటు పట్టాల బోల్టులు, డిక్కీ అడుగు చూడండి. 2020 అక్టోబరు తర్వాత ఆరు నెలల సర్వీసు బిల్లులు కూడా అడగండి. ఆ కాలానివి లేకపోతే తగ్గింపు ఎంత ఇచ్చినా వదిలేయండి.

బోయినపల్లి

పైవారు చెప్పినవన్నీ సరైనవే. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. ఇలాంటి బండిలో చౌక బండి కంటే మంచి బండికి రెండు లక్షలు ఎక్కువ పెట్టడమే లాభం. పరీక్షల్లో బండి శుభ్రంగా తేలితే, చిన్న చిన్న ఖర్చులన్నీ జాబితా రాసి ఆయన ముందు చదవకండి. మంచి బండి అమ్మేవారికి వేరే కొనేవారు దొరుకుతారు.

టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అది చూసుకోండి. ఆర్‌సీలో అప్పిచ్చిన బ్యాంకు పేరు ఉందో లేదో, పెండింగ్ చలానాలు ఉన్నాయో లేదో కూడా.

మియాపూర్ వాసి

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. నిన్న ఆదివారం పొద్దున ఆరున్నరకు, గేజ్, స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. బానెట్ చల్లగానే ఉంది.

వరద భయం తీరింది. సీటు బెల్టు చివరి దాకా శుభ్రంగా ఉంది, డిక్కీ అడుగున పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు. 2020 నవంబరు, 2021 మార్చి బిల్లులు ఆయన ఫైలులోనే ఉన్నాయి, వాటిలో వైరింగు గానీ సీట్లు గానీ ముట్టుకున్నట్టు లేదు. స్కానర్‌లో పడిన పాత ఫాల్టులన్నీ మీటరు అంకెకు లోబడే ఉన్నాయి. హాల్డెక్స్ ఆయిల్ 2020లో ఒకసారి మార్చారు, ఆ తర్వాత లేదు. కూలెంట్ చారలు సన్నగా ఉన్నాయి. ముందు టైర్లు రెండూ 2019 14వ వారానివి, పక్కల పగుళ్లు కూడా కనిపించాయి, వెనకవి 2022వి.

ఇక నో క్లెయిమ్ బోనస్ 20 శాతమే ఉంది. అడిగితే ఆయన కాసేపు మౌనంగా ఉండి, 2024 వానాకాలంలో వెనక ఎడమ పక్క ఒక ట్రాలీ ఆటో ఒరుసుకుపోయిందని, ఆ ప్యానెల్‌కు డెంటింగ్, పెయింటింగ్ చేయించానని ఒప్పుకున్నారు. గేజ్ అక్కడ 290 దగ్గర ఆగింది, మిగతా అన్నిచోట్లా 110 నుంచి 135 లోపే. పుట్టీ మోతాదు కాదు కాబట్టి దెబ్బ పైపైనే అని మా మెకానిక్ తేల్చాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం ఆయనతో అన్నాను.

బోయినపల్లి వారి సలహా పాటించి జాబితా చదవలేదు. ముందు టైర్లు, కూలెంట్ హౌసింగ్, రెండు ఆయిళ్లు, రంగు వేసిన ప్యానెల్ అని నాలుగు ముక్కలు చెప్పి, 30.5 లక్షలు ఇస్తానన్నాను. ఆయన 33 అన్నారు. నర్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఒక ఎగ్జిట్ దాకా నడిపి, దిగి వచ్చాక టీ తాగుతూ 31.5 దగ్గర ఇద్దరం ఆగాం. బెంగళూరు బండికి లైఫ్ ట్యాక్స్ కలిపితే అంతకు తక్కువ పడదు, పైగా దాని చరిత్ర నాకు తెలియదు. అందుకే ఈ ధర నాకు న్యాయంగానే తోచింది.

ఒకటి మిగిలింది. ఆర్‌సీలో మొదటి యజమాని తీసుకున్న అప్పు తాలూకు బ్యాంకు పేరు ఇంకా ఉంది. అప్పు ఎప్పుడో తీరిపోయిందని ఆయన అంటున్నారు కానీ, తొలగించుకోలేదు. లక్ష అడ్వాన్సు ఇచ్చి రసీదు రాయించుకున్నాను. బ్యాంకు పేరు తీసేయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చి, ఆన్‌లైన్‌లో ఆ పేరు పోయిన రోజున యాజమాన్య మార్పిడికి పెట్టే 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించుకుని మిగతా సొమ్ము ఇస్తానని చెప్పాను. దానికి ఆయన ఒప్పుకున్నారు.

లెక్కల పుస్తకం

మంచి ధరే. అడ్వాన్సు రసీదులో బండి ఛాసిస్ నంబరు, ఒప్పుకున్న మొత్తం, బ్యాంకు పేరు తొలగించే గడువు మూడూ రాసి ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి. లేకపోతే ఈ రోజే మళ్లీ రాయించుకోండి. బండి మీ చేతికి వచ్చాక 30 రోజుల్లోపు యాజమాన్య మార్పిడికి దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపే మీ పేరు మీదికి మార్పించుకోండి. ఆయన 20 శాతం బోనస్ బండితో రాదు, మీ పాత కారు అమ్మేస్తే దాని బోనస్ ఉంటే అది వాడుకోవచ్చు.