ఆటగాడే కేంద్రంగా సాగే శిక్షణ ఆటను బలహీనపరుస్తుందా?

నెట్‌ముందు:
మా సంస్థ ఈ మధ్య శిక్షకులందరికీ ఒక మార్గదర్శక పత్రం పంపింది. అందులో మూడు నియమాలున్నాయి. తప్పు జరిగినప్పుడు వెంటనే సరిదిద్దకుండా, అది ఎందుకు జరిగిందో ఆటగాడినే అడగాలి. తోటివారి ముందు ఎవరినీ మందలించకూడదు. వారపు సాధన ప్రణాళికను ఆటగాళ్లతో చర్చించి ఖరారు చేయాలి. చాలా ఏళ్లుగా వాలీబాల్ నేర్పుతున్న నేను ఈ మూడింటినీ వ్యతిరేకిస్తున్నాను. ఒప్పుకోనివారు కారణాలతోనే జవాబివ్వాలని కోరుతున్నాను.

సర్వీసు అందుకునే పిల్లవాడు మోచేతులు వంచితే బంతి సెట్టర్ (స్మాష్ కొట్టేవారికి బంతిని పైకి లేపి అందించే ఆటగాడు) దగ్గరికి చేరదు, వెనక్కో పక్కకో ఎగిరిపోతుంది. ఆ క్షణంలో 'చేతులు చాచు' అన్న ఒక్క మాట చాలు. దానికి బదులు ఆట ఆపి, 'బంతి ఎందుకు పక్కకు పోయిందనుకుంటున్నావు?' అని అడిగి, వాడు ఆలోచించి జవాబు చెప్పేదాకా మిగతా పదకొండుమందిని నిలబెడితే, ఆ పూట అందుకోవలసిన బంతుల్లో సగం కూడా అందుకోలేరు. ఇక మందలింపు సంగతికి వస్తే, నేను గట్టిగా కేకలేసిన తరువాత వచ్చే బంతి దాదాపు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది, మెచ్చుకున్న తరువాత వచ్చేదే చెడిపోతుంది. మైదానంలో నిలబడిన ప్రతి శిక్షకుడికీ ఇది అనుభవంలో ఉన్న విషయమే.

సాంఖ్యకం:
నెట్‌ముందు గారూ, మీరు చూసింది నిజమే కాని, దాని నుంచి మీరు తీసిన నిర్ణయం నిలబడదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఇజ్రాయెల్ వైమానిక దళంలోని శిక్షకులకు పాఠం చెబుతున్నప్పుడు, వారిలో ఒకరు లేచి సరిగ్గా మీ మాటే అన్నారు: విన్యాసం బాగా చేసినవాడిని మెచ్చుకుంటే తరువాతిసారి చెడగొడతాడు, చెడగొట్టినవాడిని తిడితే బాగుచేస్తాడు అని. కానెమన్ ఇచ్చిన వివరణ ఏమిటంటే, ఎవరి ప్రదర్శన అయినా వారి సగటుకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. మరీ చెడ్డ ప్రయత్నం తరువాత వచ్చేది, ఎవరూ నోరు విప్పకపోయినా, చాలాసార్లు దానికన్నా మెరుగ్గానే ఉంటుంది. మరీ మంచి ప్రయత్నం తరువాత వచ్చేది చాలాసార్లు దానికన్నా తక్కువగానే ఉంటుంది. మనం తిట్టేది చెడ్డ ప్రయత్నం తరువాతే, మెచ్చేది మంచి ప్రయత్నం తరువాతే కాబట్టి, తిట్టు పనిచేసినట్టూ మెప్పు చెరిపినట్టూ కంటికి కనిపిస్తుంది. ఒక వారం పాటు చెడ్డ బంతి తరువాత మౌనంగా ఉండి చూడండి, తరువాతి బంతి అప్పుడు కూడా మెరుగ్గానే వస్తుంది.

నెట్‌ముందు:
సాంఖ్యకం గారూ, సగటు చుట్టూ ఊగుతుందన్నారు, ఒప్పుకుంటాను. ఆ సగటు ఏడాది తిరిగేసరికి పైకి ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. దానిని పైకి లేపింది నా మౌనం కాదు. ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటే బంతుల సంఖ్య తగ్గుతుందన్న నా మొదటి వాదనకు ఇంకా జవాబు రాలేదు.

మూడోసెట్:
మా శిక్షకులు తిట్టేవారు, అయినా మాకు ఆయనంటే ప్రాణం. ఆయన మా ఆటను తిట్టేవారే కాని మమ్మల్ని తిట్టేవారు కాదు.

ఈతకొలను:
నేను ఈత నేర్పుతాను. ఆ మార్గదర్శక పత్రాన్ని రాసినవారు ఒక మంచి విషయాన్ని చెడ్డ నియమంగా మార్చారని నా అభిప్రాయం. ప్రశ్నించడమంటే ఆట ఆపి ఉపన్యాసం అడగడం కాదు. నా పద్ధతి చెబుతాను. యాభై మీటర్లు ఈది గోడ తాకిన అమ్మాయికి స్టాప్‌వాచ్ చూపించే ముందు, 'ఎన్ని సెకన్లు పట్టి ఉంటుంది, ఎన్ని చేతులు వేశావు?' అని అడుగుతాను. మొదట్లో ఆమె చెప్పే అంకెకూ గడియారంలోని అంకెకూ పొంతన ఉండదు. కొన్ని వారాలకు ఆ రెండూ దగ్గరపడతాయి, అంటే నీటిలో తన వేగం తనకు తెలియడం మొదలవుతుంది. పోటీలో చివరి పదిహేను మీటర్లు మిగిలి ఉన్నప్పుడు నేను గట్టు మీద నుంచి ఏం అరిచినా ఆమెకు వినిపించదు. అక్కడ ఆమెకు పనికివచ్చేది ఆ తెలివిడి ఒక్కటే. ఈ ప్రశ్నకు పట్టే సమయం ఊపిరి తీసుకునేందుకు ఎలాగూ ఇచ్చే విరామంలోనే కలిసిపోతుంది.

ప్రతి బంతికీ 'చేతులు చాచు' అంటే ఏమవుతుందన్నది కూడా పరిశోధకులు చాలాకాలంగా చూసిన విషయమే. 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను సమీక్షించి, ప్రతి ప్రయత్నానికీ వెలుపలి నుంచి సమాచారం అందితే అభ్యాసం నడుస్తున్నంతసేపూ ప్రదర్శన బాగుంటుందనీ, ఆ సమాచారం ఆగిన తరువాత నేర్చుకున్నది నిలవదనీ వాదించారు. నేర్చుకునేవాడు తన ఒంట్లోంచి వచ్చే సంకేతాలను చదవడం మానేసి శిక్షకుడి గొంతు మీద ఆధారపడటమే దానికి కారణమన్నారు.

వాలీబాల్ గురించి నాకంటే మీకే బాగా తెలుసు కనుక, నాకు తోచిన మార్పును ఒక సూచనగానే చెబుతున్నాను. సెట్టర్ నిలబడే చోట నేల మీద టేపుతో ఒక చతురస్రం గీసి, అందుకున్న బంతి అందులో పడితేనే పాయింటు అని ఆట పెట్టండి. ఎవరూ నిలబడిపోనక్కరలేదు, బంతుల సంఖ్యా తగ్గదు, చేతులు వంచితే ఏం జరుగుతుందో ఆ చతురస్రమే ప్రతిసారీ చెబుతుంది. 1982లో బంకర్, థోర్ప్ ఇంగ్లండ్‌లో ప్రతిపాదించిన, ఆటను అర్థం చేసుకుంటూ నేర్చుకునే పద్ధతిలో ముఖ్యమైన మాట ఇదే. విడివిడిగా మెలకువలు నేర్చిన పిల్లలు అసలు ఆటలోకి వచ్చేసరికి ఎప్పుడు ఏం చేయాలో తెలియక తడబడుతున్నారని గమనించి వారు దానిని రూపొందించారు.

నెట్‌ముందు:
చతురస్రం గీసే పద్ధతి మేము ఎప్పటి నుంచో వాడుతున్నదే, దానికి కొత్త పేరు అక్కరలేదు. మీరు పరిశోధనలు ఎత్తారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. బాస్కెట్‌బాల్ శిక్షకుల్లో జాన్ వుడెన్‌ను మించినవారు లేరని చాలామంది అంటారు. ఆయన 12 ఏళ్లలో 10 సార్లు అమెరికా కళాశాలల జాతీయ టైటిల్ గెలిపించారు. 1974–75 సీజనులో థార్ప్, గాలిమోర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆయన సాధన శిబిరంలో కూర్చుని, ఆయన నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ వర్గీకరించారు. మొత్తం 2,326 బోధన చర్యల్లో మెప్పు సుమారు 7 శాతం, మందలింపు కూడా దాదాపు అంతే. మందలిస్తూనే సరైన పద్ధతి చెప్పినవి మరో 8 శాతం. మెప్పు కంటే మందలింపే ఎక్కువన్నమాట. పదిసార్లు గెలిపించిన మనిషి పాటించని నియమాన్ని నా మీద ఎందుకు రుద్దుతారు?

ఈతకొలను:
అదే పట్టికలో మొదటి వరుసను మీరు వదిలేశారు. సగానికి సగం, అంటే 50 శాతం, నేరుగా ఏం చేయాలో ఎలా చేయాలో చెప్పే సూచనలే. మీరు చెప్పిన 8 శాతంలోనూ మందలింపు వెంటనే సమాచారం ఉంది. 'ఇలా చేశావు, ఇలా చేయాలి' అని చూపించి పక్కకు తప్పుకునేవారు. నేను ఇంతవరకూ మెప్పు పెంచమని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టా మెప్పా అన్న తూకం దగ్గరే మీరు ఆగిపోతున్నారు, నేను మాట్లాడుతున్నది నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్న దాని గురించి.

నెట్‌ముందు:
నిర్ణయం శిక్షకుడి చేతిలోనే ఉండాలి. ఓడితే ప్రశ్నించేది ఆటగాడిని కాదు, నన్ను.

గ్యాలరీలో నేను:
నేను శిక్షకుణ్ని కాను, ఒక అమ్మాయికి తండ్రిని. మా అమ్మాయి జిమ్నాస్టిక్స్ నేర్చుకునేది. అక్కడ వారానికోసారి పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి బరువు తూచి, ఆ అంకెను అందరికీ వినపడేలా చదివేవారు. పెరిగితే ఆ పూట ఆ పిల్ల పేరు పిలవకుండా అంకెతోనే పిలిచేవారు. మా అమ్మాయి నీళ్లు తాగడం మానేసిందన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు టీవీలో జిమ్నాస్టిక్స్ వస్తే గదిలోంచి లేచి వెళ్లిపోతుంది. ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. బ్రిటన్‌లో జిమ్నాస్టిక్స్ శిక్షణ మీద ఆన్ వైట్ ఆధ్వర్యంలో జరిగి, 2022లో వెలువడిన సమీక్షకు 400కు పైగా వినతులు వచ్చాయి. శారీరక హింస, మానసిక హింస, బరువు పేరుతో వేధింపు అందులో పదేపదే కనిపించే మాటలు. తోటివారి ముందు మందలించవద్దన్న నియమం ఎందుకు పుట్టిందో నెట్‌ముందు గారు ఒక్కసారి ఆలోచించాలి.

నెట్‌ముందు:
మీ అమ్మాయికి జరిగింది దుర్మార్గం, దానిని శిక్షణ అనకూడదు. అయితే ఆ పాపాన్ని తెచ్చి, చేతులు చాచమని కేకవేసే నా మెడకు చుట్టడం న్యాయం కాదు. ఇంకో మాట కూడా అనక తప్పదు. కఠినమైన ఆటలో చేర్చి, అది కఠినంగా ఉందని బాధపడే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. కొందరు పిల్లలకు ఆ ఓర్పు ఉండదు.

గ్యాలరీలో నేను:
పన్నెండేళ్ల పిల్ల దాహంతో పడుకోవడాన్ని ఓర్పు అంటారా మీరు? మా అమ్మాయిని చూడకుండా, ఆమెకు ఓర్పు లేదని తీర్పు చెప్పే అధికారం మీకు ఎవరిచ్చారు?

వేదిక నిర్వాహకులు:
సభ్యుల పిల్లల స్వభావం మీద వ్యాఖ్యలు చేయకండి. చర్చ శిక్షణ పద్ధతి మీదనే సాగాలి.

సాంఖ్యకం:
ఓర్పు మాట వచ్చింది కనుక ఒక ఫలితం చెబుతాను. 1992లో బార్నెట్, స్మోల్, స్మిత్ ప్రచురించిన అధ్యయనంలో బాలల బేస్‌బాల్ శిక్షకులు కొందరికి ప్రోత్సాహకరంగా, సమాచారంతో నేర్పే తర్ఫీదు ఇచ్చారు, మరికొందరికి ఇవ్వలేదు. తరువాతి సీజనుకు తర్ఫీదు లేని శిక్షకుల దగ్గర 26 శాతం పిల్లలు ఆట మానేశారు. తర్ఫీదు ఉన్నవారి దగ్గర మానేసినవారు 5 శాతమే. మొదటి జట్లలో మానేసిన పిల్లలందరూ ఓర్పు లేనివారే అయి, రెండో జట్లకు ఓర్పున్నవారే దొరికారని అనుకోవడం కష్టం.

నెట్‌ముందు:
ఆ అధ్యయనం నేనూ చదివాను. రెండు వర్గాల జట్ల గెలుపోటముల్లో తేడా లేదని కూడా అందులోనే ఉంది, మీరు దానిని చెప్పలేదు. ప్రోత్సాహం వల్ల పిల్లలు ఆటలో మిగిలారు, బాగుంది. గెలుపు మాత్రం పెరగలేదు.

ఈతకొలను:
గెలుపు తగ్గనూ లేదు! కేకలు మానేస్తే ఆట బలహీనపడుతుందన్నదే కదా మీరు ఈ చర్చను మొదలుపెట్టిన మాట?

నెట్‌ముందు:
సరే, ఇక దాచుకోకుండా చెబుతాను. నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. సరిగ్గా నిలబడటం రాని స్థితి నుంచి రాష్ట్ర జట్టులో ఆడే స్థాయికి వచ్చింది. ఈ పత్రం వచ్చిన కొద్దిరోజులకే ఆమె తల్లిదండ్రులు అందులోని రెండో నియమాన్ని చూపించి, నేను కఠినుడినని ఫిర్యాదు చేసి, ఆమెను వేరే శిక్షకుడి దగ్గర చేర్చారు. ఇప్పుడు ఆమె గెలిస్తే అది ఆ శిక్షకుడి ఖాతాలో పడుతుంది. నా కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని కూర్చున్నవారు అడిగేది ఒక్కటే: పతకాలెన్ని? నా దగ్గర చేరిన ముప్పైమందిలో ఎంతమంది ఇంకా ఆడుతున్నారని ఇన్నేళ్లలో ఒక్కరు కూడా అడగలేదు. పతకంతో నన్ను కొలుస్తూ, ప్రోత్సాహంతో నేర్పమని నియమం పెడితే, ఆ నియమానికి మూల్యం చెల్లించేది నేను ఒక్కడినే. పతకం తెచ్చే ఆ ఒక్కరి కోసం మిగతా ఇరవై తొమ్మిదిమందితో కఠినంగా ఉండక తప్పని స్థితిలో నన్ను పెట్టింది మీరు పొగుడుతున్న ఈ వ్యవస్థే.

ఈతకొలను:
ఇన్ని జవాబుల తరువాత అసలు విషయం బయటికి వచ్చింది. శిక్షణ ఎవరి కోసమన్నదే మన మధ్య ఉన్న తగవు. ఆ ఒక్కరి కోసమని మీ పైవారు నిర్ణయించారు, మీరు దానిని మోస్తున్నారు. ఆ మాటనే పట్టుకుని అడుగుతాను, ఆ ఒక్కరు ఎవరో పన్నెండో ఏట మీకు తెలుస్తుందా? 1985లో కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను బార్న్స్‌లీ బృందం పరిశీలిస్తే, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా తేలారు. వయసు లెక్కకు జనవరి 1 గీత కావడంతో, జనవరిలో పుట్టిన పిల్లవాడు డిసెంబరులో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. ఆ ఎదుగుదలను అందరూ ప్రతిభ అనుకున్నారు. అలాంటి చిన్నవాడిని మనం ముందే కేకలతో పంపించేస్తే, పదహారో ఏట ఎదిగి రావలసిన ఆటగాడు అప్పటికి మైదానంలోనే ఉండడు. కాబట్టి మిగతా ఇరవై తొమ్మిదిమందిని నిలబెట్టుకోవడం పతకానికి అడ్డు కాదు. పతకం తెచ్చేవాడు వారిలోనే ఉండవచ్చు.

మూడోసెట్:
నేను డిసెంబరులోనే పుట్టాను. పదిహేడో ఏట దాకా బెంచీ మీదే కూర్చున్నాను.

నెట్‌ముందు:
పుట్టిన నెల సంగతి మా ఆటలోనూ చూశాను, కాదనను. ఎత్తు ఆలస్యంగా పెరిగిన పిల్లలు చాలామంది మధ్యలోనే వెళ్లిపోయారు. అయినా పత్రంలోని మూడో నియమాన్ని నేను ఒప్పుకోను. వారపు ప్రణాళికలో దూకుళ్ల భారం ఎంత ఉండాలో, మోకాలికి విశ్రాంతి ఎప్పుడివ్వాలో పిల్లల ఓటుతో తేల్చే విషయం కాదు.

ఈతకొలను:
భారాన్ని ఓటుకు పెట్టమని ఎవరూ అనడం లేదు. మోకాలు నొప్పిగా ఉందని చెప్పగలిగే చనువు పిల్లకు ఉండాలని అంటున్నాను. కేకకు భయపడే పిల్ల నొప్పిని దాస్తుంది, అప్పుడు మీ భారం లెక్కే తప్పుతుంది. సాధనలో చివరి పావుగంట ఏం ఆడాలో వారిని ఎంచుకోనివ్వండి, మిగతా ప్రణాళిక మీ చేతిలోనే ఉంచుకోండి. మనస్తత్వ శాస్త్రవేత్తలు డెసీ, రయన్‌ల సిద్ధాంతం మనిషికి అవసరమని చెప్పిన స్వేచ్ఛ, సామర్థ్యం, అనుబంధం అన్న మూడింటిలో మొదటిదానికి ఆ మాత్రం చోటు ఇచ్చి చూడండి.

గ్యాలరీలో నేను:
నెట్‌ముందు గారూ, ఓర్పు గురించి మీరన్న మాట నన్ను నొప్పించింది, ఇప్పటికీ నొప్పిస్తూనే ఉంది. అయినా మీ కాంట్రాక్టు గురించి చెప్పింది విన్నాక ఒకటి అడుగుతున్నాను. ప్రతి శిక్షకుడి పేరు పక్కన పతకాలతో పాటు, గత ఏడాది చేరిన పిల్లల్లో ఈ ఏడాది ఎంతమంది తిరిగి వచ్చారో కూడా సంస్థ ప్రకటించాలని మేము తల్లిదండ్రులుగా రాసి ఇస్తే, మీరు సంతకం చేస్తారా?

నెట్‌ముందు:
అందరు శిక్షకులకూ ఒకే ఏడాది నుంచి, ఒకే లెక్కతో వర్తింపజేస్తే చేస్తాను. గాయాలతో మానేసినవారినీ, ఊరు మారి వెళ్లినవారినీ విడిగా చూపాలి. మొదటి నియమంలో 'వెంటనే సరిదిద్దకుండా' అన్న మాట తీసేయాలని కూడా అదే కాగితంలో రాయాలి. ముసాయిదా ఇక్కడ పెట్టండి, చదివి నా అభ్యంతరాలు చెబుతాను.