క్రియాటినిన్ 1.41 వచ్చింది, క్రియాటిన్ ఆపేయాలా?

హన్మకొండ కుర్రాడు:
వయసు 27, బరువు 74 కిలోలు, శాకాహారిని. మూడు నెలలుగా రోజూ 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ (జిమ్‌లో బలం కోసం వాడే పొడి) వేసుకుంటున్నా. స్క్వాట్ 90 కిలోల దగ్గర ఏడాది ఆగిపోయింది, ఇప్పుడు 105తో మూడు రెప్స్ చేస్తున్నా. మొన్న ఆఫీసు హెల్త్ చెకప్‌లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే అంకె) 1.41 వచ్చింది. 1.3 దాటకూడదని రిపోర్టులో ఉంది. మా మేనమామ డయాలసిస్ మీదే పోయాడు. అందుకే అమ్మకి నిద్ర పట్టడం లేదు, డబ్బా తీసి అటక మీద పెట్టేసింది. నిజంగా కిడ్నీలు పాడవుతున్నాయా?

ఐరన్ రాజు:
ఏం కాదు తమ్ముడూ, నీళ్లు బాగా తాగు. నాకూ ఇలాగే వచ్చింది.

ల్యాబ్ అక్క:
నీళ్లతో వదిలేసే విషయం కాదండీ. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, ఆరేళ్లుగా బరువులు ఎత్తుతున్నాను. ఒంట్లో ఉన్న క్రియాటిన్‌లో రోజుకు సుమారు 2 శాతం దానంతటదే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది, కిడ్నీలు దాన్ని బయటికి పంపిస్తాయి. పొడి వేసుకున్నా, కండ పెరిగినా, కిడ్నీలు బాగున్నా సరే ఆ అంకె కొంచెం పెరగొచ్చు. మాంసం, చేపలు తినని వాళ్ల కండరాల్లో క్రియాటిన్ నిల్వ మామూలుగా తక్కువ. మీ స్క్వాట్ కదలడానికి అదీ ఒక కారణం కావచ్చు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) తక్కువ చూపించినా కంగారు పడకండి, దాన్నీ ఈ అంకెతోనే లెక్కకడతారు.

కానీ పొడి వల్లేనని మీరే తేల్చేసుకోవద్దు. డాక్టరుకి క్రియాటిన్ సంగతి, మేనమామ సంగతి రెండూ చెప్పండి. సిస్టాటిన్ సి (కిడ్నీల పనితీరు చూసే ఇంకో రక్త పరీక్ష), యూరిన్ ఆల్బుమిన్ (మూత్రంలో ప్రోటీన్ పోతోందా అని చూసేది) టెస్టుల గురించి అడగండి. సిస్టాటిన్ సి మీద కండ ప్రభావం చాలా తక్కువ. ఇంకో మాట, టెస్టుకి ముందు రోజు ఏం వర్కవుట్ చేశారు? నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?

హన్మకొండ కుర్రాడు:
ముందు రోజు లెగ్ డే అక్కా. భుజం నొప్పికి నెల నుంచి డైక్లోఫినాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నా, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నదే.

ల్యాబ్ అక్క:
నాకు పొడి కన్నా ఆ మాత్రతోనే భయం. అలాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటలు కక్కేలా వర్కవుట్ చేసి, నీళ్లు చాలక ఉన్నప్పుడు ఇంకా ప్రమాదం. ఈ రోజే ఆపి డాక్టర్ని కలవండి. మళ్లీ రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు జిమ్‌కి వెళ్లకండి.

హన్మకొండ కుర్రాడు:
ఐదు వారాల తర్వాత రాస్తున్నా. డాక్టరు చెప్పినట్టు మాత్రలు, పొడి రెండూ ఆపాను. క్రియాటినిన్ 1.09, సిస్టాటిన్ సి నార్మల్, యూరిన్‌లో ఆల్బుమిన్ కూడా నార్మలే. 3 గ్రాములతో మళ్లీ మొదలుపెట్టి, మూడు నెలలకు టెస్టు చేయించమన్నారు. అమ్మ కూడా వచ్చి డాక్టర్ని తన అనుమానాలన్నీ అడిగింది. భుజానికి ఫిజియో దగ్గరికి వెళ్తున్నా, బెంచ్ ప్రెస్ మాత్రం ఇంకా చేయనివ్వడం లేదు.